నడుం నొప్పి... నడుంలో కాదు!

నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవడం తెలుగు పల్లెల్లో ఎప్పట్నుంచో ఉన్న వైద్యం. వీధిలో అలాంటి పిల్లాడు ఒక్కడుంటే చాలు, పొద్దున్నే వాడికి గిరాకీ. నడుం పట్టిన పెద్దాయన అరుగు మీద బోర్లా పడుకుంటాడు. వాడు మెల్లగా కాలు మోపుతాడు. లేచినాయన హమ్మయ్య అంటాడు. తగ్గిందంటే తగ్గదా మరి! మామూలు నడుం పట్టు ఏ మందూ వేసుకోకపోయినా చాలావరకు కొద్ది రోజుల్లో సర్దుకునే రకం. ఆ ఖ్యాతి కాస్తా పిల్లాడి ఖాతాలో పడుతుంది.

చిక్కంతా సర్దుకోని నొప్పితోనే. బామ్ రుద్దుతారు. ఉప్పు మూటతో కాపడం పెడతారు. ఆర్‌ఎంపీ సూది వేస్తే రెండ్రోజులు హాయిగా ఉంటుంది, మూడోరోజుకి మళ్లీ మామూలే. నెలలు గడిచాక పట్నం వెళ్లి ఎమ్మారై తీయిస్తారు. రిపోర్టులో 'ఎల్4-ఎల్5 మధ్య డిస్కు ఉబ్బింది' అని ఒక వాక్యం కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి ఇంటిల్లిపాదికీ దొంగ దొరికినట్టే. పెళ్లిళ్లలో పలకరింపులకు కూడా 'మా వారికి డిస్కండీ' అన్న జవాబు ఖాయమైపోతుంది. మందులు, ట్రాక్షన్, బెల్టు, ఒక్కోసారి ఆపరేషన్ కూడా అవుతాయి. అయినా నొప్పి మాత్రం కదలదు. ఎందుకంటే కొందరిలో ఆ నొప్పి డిస్కుది కాదు. అసలు నడుం పూసలదే కాదు.

ఇంతకీ మరెవరిది?

వెన్నెముక కిందికొచ్చేసరికి త్రికోణం ఆకారంలో ఒక పెద్ద ఎముక ఉంటుంది. త్రికం అంటారు. ఇంగ్లిషు వైద్యంలో శాక్రమ్. ఆ లాటిన్ మాటకి పవిత్రమైనది అని అర్థం. దానికి కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి కటి ఎముకలు. త్రికం ఆ రెంటితో కలిసే రెండు చోట్లే శాక్రోఇలియాక్ కీళ్లు. డాక్టర్లు పొట్టిగా ఎస్‌ఐ జాయింట్ అంటారు. నడుం కింద, పిరుదులకు పైన రెండువైపులా చాలామందికి చిన్న సొట్టలు కనిపిస్తాయి కదా, ఆ చుట్టుపక్కలే, లోపలగా ఉంటాయి ఇవి.

మోకాలిని మడిచినట్టో భుజాన్ని తిప్పినట్టో ఈ కీలును తిప్పలేం. దీని కదలిక మహా అయితే రెండు మూడు డిగ్రీలు. అంత తక్కువ కదిలేదానికి నొప్పి ఏమిటని అనిపిస్తుంది. కానీ దీని పని కదలడం కాదు, మొయ్యడం. తల, చేతులు, మొండెం బరువంతా వెన్నెముక మీదుగా దిగి ఇక్కడే రెండు కాళ్లకీ పంపకమవుతుంది. నడిచేటప్పుడు నేల నుంచి పైకి తగిలే ప్రతి అదురూ ఇక్కడే ఆగుతుంది. అందుకే దీని చుట్టూ ఒంట్లోకెల్లా గట్టివైన లిగమెంట్లు మోకుల్లా పెనవేసుకుని ఉంటాయి. ఆ మోకులు సడలినా, లోపలి కీలు అరిగినా, వాచినా నొప్పే. మెట్టు ఉందనుకుని అడుగేస్తే లేకపోవడం, తడి బాత్రూములో పిరుదుల మీద కూలబడటం, రెండు కాళ్ల పొడవులో తేడా, ఏళ్ల తరబడి ఒకే కాలి మీద బరువు వేసి నిలబడే ఉద్యోగం... ఏదైనా కారణం కావచ్చు. నడుం పూసలను స్క్రూలతో బిగించే ఆపరేషన్ అయినవాళ్లలో కొందరికి తర్వాత ఈ కీలు నొప్పి మొదలవుతుంది. పైన కదలిక ఆగిపోతే ఆ భారం కింద పడక తప్పదు.

చిత్రమేమిటంటే ఒకప్పుడు వైద్యలోకం నడుం నొప్పికి మొదట అనుమానించింది ఈ కీలునే. 1905లో గోల్డ్‌త్‌వెయిట్, ఆస్‌గుడ్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు బోస్టన్ వైద్య పత్రికలో కటి కీళ్ల మీద పెద్ద వ్యాసం రాశారు. ఆ తర్వాత ఓ పాతికేళ్లపాటు నడుం నొప్పన్నా, కాల్లోకి లాగే సయాటికా అన్నా ఎస్‌ఐ జాయింటే ముద్దాయి. 1934లో మిక్స్‌టర్, బార్ అనే మరో ఇద్దరు వచ్చి, డిస్కు జారి నరాన్ని నొక్కితే కాల్లోకి నొప్పి వస్తుందని ఆపరేషన్ల సాక్ష్యంతో చూపించారు. అచ్చయింది అదే పత్రికలో. అప్పటికి దాని పేరు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌గా మారింది, అంతే తేడా. వాళ్లు చెప్పింది నిజమే. కానీ అక్కణ్నుంచి చూపంతా డిస్కు మీదికి మళ్లి, ఎస్‌ఐ జాయింట్‌ను దాదాపు మర్చిపోయారు. ఎమ్మారై వచ్చాక ఆ మరపు మరింత ముదిరింది.

ఎమ్మారై అబద్ధం చెప్పదు, నిజమే. అడగనివి కూడా చెబుతుంది. 1994లో అదే పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో నడుం నొప్పి అంటే ఏమిటో తెలియని 98 మందికి స్కాన్ తీశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక డిస్కయినా ఉబ్బి ఉంది! తల నెరిస్తే రోగమా? డిస్కు ఉబ్బడం కూడా చాలామందిలో అలాంటిదే. నొప్పి ఒకచోట, రిపోర్టులో ఉబ్బు ఇంకోచోట ఉన్నప్పుడు రిపోర్టునే నమ్మి కత్తి పట్టుకుంటే ఫలితం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి. మామూలుగా నడుముకని తీసే ఎమ్మారైలో ఎస్‌ఐ జాయింట్లు సరిగ్గా పడవు. వాటిని చూడాలంటే వాటికోసమని ప్రత్యేకంగా రాయాల్సిందే.

ఒక్క వేలు చాలు

నొప్పి ఎక్కడ అంటే అందరూ అరచేత్తో నడుమంతా తుడిచినట్టు చూపిస్తారు. ఒక్క వేలితోనే చూపించమంటే అప్పుడు తెలుస్తుంది. ఎస్‌ఐ జాయింట్ నొప్పి ఉన్నవాళ్ల వేలు వెన్నుపూస మీదికి పోదు. బెల్టు పెట్టుకునే చోటుకి దిగువన, నడిమధ్యకు కాస్త పక్కగా, ఆ సొట్ట దగ్గర ఆగుతుంది. మళ్లీ అడిగితే మళ్లీ అక్కడికే పోతుంది. 1994లో ఫోర్టిన్ అనే అమెరికన్ వైద్యుడి బృందం ఏ నొప్పీ లేని పదిమంది వాలంటీర్ల ఎస్‌ఐ జాయింట్లలోకి మందు ఎక్కించి, కావాలని నొప్పి పుట్టించి, అది ఎక్కడెక్కడ తెలుస్తోందో పటం గీసింది. సొట్ట దగ్గర మొదలై కిందికి సుమారు 10 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పున ఉన్న పట్టీ తేలింది. వేలితో చూపించే ఆ పరీక్షకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. పైసా ఖర్చులేని పరీక్ష. అయినా రద్దీ ఓపీల్లో అది కూడా జరగడం లేదంటే ఏమనాలి!

వేలు ఒక్కటే సరిపోదు, కథ కూడా కావాలి. కూర్చుని లేచేటప్పుడు చురుక్కుమంటుందా? మంచం మీద పక్కకి దొర్లితే? ఆటో ఎక్కడానికి ఒక కాలు ఎత్తితే? ఒక పిరుదు మీదే బరువు వేసి కూర్చోవడం అలవాటైపోయిందా? నొప్పి పిరుదులోకి, గజ్జల్లోకి, తొడ వెనక్కి దిగుతుందా? ఒక్కోసారి మోకాలి కిందికీ పాకుతుంది. అందుకే సయాటికాగా పొరబడేది. నెలల తరబడి నడుం నొప్పితో బాధపడేవాళ్లలో 15 నుంచి 30 శాతం మందికి మూలం ఈ కీలేనని వేర్వేరు అధ్యయనాల అంచనా.

తర్వాత డాక్టరు రోగిని పడుకోబెట్టి తుంటి ఎముకల్ని లోపలికి నొక్కడం, బయటికి విడదీసినట్టు నెట్టడం, తొడను మడిచి కిందికి తొయ్యడం లాంటి పరీక్షలు చేస్తారు. ఒక్కటి చేసి తేల్చలేరు. మూడు, అంతకన్నా ఎక్కువ పరీక్షల్లో రోగికి తెలిసిన ఆ నొప్పే తిరిగొస్తే అనుమానం బలపడుతుంది. అప్పటికీ సందేహముంటే ఎక్స్‌రే తెర మీద చూస్తూ సూదిని నేరుగా కీల్లోకి పంపి మత్తుమందు వేస్తారు. కాసేపటికి నొప్పి చాలావరకు మాయమైతే దొంగ అక్కడే ఉన్నట్టు.

'కాన్పయినాక ఉండేదేలేమ్మా!'

ఈ నొప్పి ఎక్కువగా వచ్చేది, తక్కువగా పట్టించుకునేది ఆడవాళ్లలోనే. కడుపుతో ఉన్న ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి కటి కీళ్ల నొప్పి ఉంటుంది. బిడ్డ బయటికి రావడానికి వీలుగా హార్మోన్లు ఆ లిగమెంట్లను కాస్త సడలిస్తాయి. ముందుకు పెరిగిన పొట్ట నడుమును లాగుతుంది. నడక తీరు మారుతుంది. ఇవన్నీ కలిసి కీలు మీద పడతాయి. చాలామందికి కాన్పయ్యాక కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం ఏళ్లపాటు ఉండిపోతుంది.

ఉండిపోయినప్పుడు ఇంట్లో వినిపించే మాట ఒకటే. 'కాన్పయినాక ఎవరికైనా ఉండేదేలేమ్మా, మేం కనలేదా' అంటుంది అత్తగారు. వెన్నుకి వేసిన మత్తు సూది వల్లేనంటుంది పక్కింటావిడ. సిజేరియన్ జరిగిన నూటికి తొంభైమంది తల్లుల నమ్మకం కూడా అదే కాబోలు. సూది గుచ్చిన చోట కొన్నాళ్లు సలుపు ఉండొచ్చుగానీ, ఏళ్ల తరబడి ఉండే నొప్పికి ఆ సూది కారణమని అధ్యయనాల్లో తేలలేదు. సూదిని తిట్టుకుంటూ కూర్చుంటే అసలు కీలును చూపించుకోవడం వాయిదా పడుతుంది. బిడ్డను ఎప్పుడూ ఒకే చంకన వేసుకుని, ఆ పక్క తుంటి మీదికి ఒరిగి, రెండో చేత్తో పొయ్యి మీద కూర కలిపే తల్లికి నొప్పి ఎందుకు తగ్గుతుంది?

ఇలాంటి నొప్పికి చికిత్స మొదలయ్యేది మందుల దగ్గర కాదు, అలవాట్ల దగ్గర. చీర కట్టుకునేటప్పుడో సల్వార్ వేసుకునేటప్పుడో ఒంటికాలి మీద నిలబడకుండా కూర్చుని తొడుక్కోవాలి. మంచం మీద దొర్లేటప్పుడు రెండు మోకాళ్లూ దగ్గరగా ఉంచుకుని ఒంటినంతా ఒకేసారి తిప్పాలి. పక్కకి తిరిగి పడుకుంటే కాళ్ల మధ్య దిండు పెట్టుకోవాలి. మెట్లు ఒకదాని తర్వాత ఒకటి, రెండు పాదాలూ చేరాకే రెండోది ఎక్కాలి. బిడ్డను చంకలు మార్చి ఎత్తుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఆ బిడ్డను కాసేపు వాళ్ల నాన్న ఎత్తుకోవాలి.

బెల్టు సంగతి. బజార్లో దొరికే వెడల్పాటి నడుం బెల్టు దీనికి పనికిరాదు. కటి కీళ్లకు వాడేది సన్నది. దాన్ని నడుముకి కాదు, తుంటి ఎముకల చుట్టూ కిందగా బిగించాలి. బాలింతకు పొట్ట చుట్టూ గుడ్డ కట్టే పాత అలవాటు దీనికి దగ్గరదేగానీ, అది కట్టేది పొట్ట జారకుండా. చోటు వేరు. బెల్టు కూడా నడిచేటప్పుడు, పనిచేసేటప్పుడే. దాన్నే నమ్ముకుని రోజంతా ఉంటే కండరాలు సోమరివైపోతాయి.

అసలు మందు ఆ కండరాలే. ఫిజియోథెరపిస్టు నేర్పేవాటిలో సులువైనది ఇది: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకు ఆన్చి, పిరుదుల్ని బిగించి నడుమును మెల్లగా పైకి లేపడం, దించడం. పిరుదుల కండరాలు, పొట్ట లోపలి కండరాలు గట్టిపడితే సడలిన లిగమెంట్ల పని అవి అందుకుంటాయి. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. నాలుగు రోజులు చేసి 'నాకు పడలేదండీ' అని మానేసేవాళ్లే ఎక్కువ. నొప్పి మాత్రలు కొన్నాళ్లు వాడొచ్చు. కానీ కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు అడగకుండా మింగకూడదు. గర్భిణులు సొంతంగా అసలే వేసుకోకూడదు. 20 వారాలు దాటాక ఈ రకం మాత్రలు కడుపులోని బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీయవచ్చని 2020లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది.

వీటికి లొంగకపోతే కీల్లోకి స్టిరాయిడ్ సూది ఉంది. కొందరికి వారాలు, కొందరికి నెలలు ఊరటనిస్తుంది. రేడియో తరంగాల వేడితో నొప్పిని మోసే సన్నని నరాలను మాడ్చే పద్ధతి కూడా పెద్దాసుపత్రుల్లో ఉంది. ఖరీదైన పని. 2017లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రచురించిన ఫలితాల్లో, వ్యాయామంతోపాటు ఇది చేయించుకున్నవాళ్లకీ, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ పరిశోధన తీరు మీద విమర్శలూ వచ్చాయి. ఏదేమైనా వేలకు వేలు పోసేముందు డాక్టర్ని ఈ మాట అడగడంలో తప్పులేదు. కీలును లోహపు కడ్డీలతో బిగించే ఆపరేషన్ అన్నిటికన్నా ఆఖరుది. అదీ నొప్పి ఆ కీలుదేనని సూదితో రుజువైనవాళ్లకే.

పడుకుంటే పెరిగే నొప్పి

ఇంతవరకూ చెప్పిందంతా పని వల్ల పెరిగి, విశ్రాంతితో తగ్గే నొప్పి గురించి. అదే కీలుకు సరిగ్గా దీనికి తిరగేసిన జబ్బు ఒకటుంది. అది పడుచువాళ్ల జబ్బు. దీన్ని గుర్తించడంలో జరిగే ఆలస్యమే అసలు నష్టం.

కుర్రాడికి ఇరవై రెండేళ్లుంటాయి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకి పిరుదుల్లో నొప్పితో మెలకువ వస్తుంది. లేచి అటూ ఇటూ తిరిగితేగానీ కుదుటపడదు. పొద్దున్నే నడుం కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది. అరగంట, గంట గడిచాక, నాలుగడుగులు వేశాక వదులవుతుంది. మధ్యాహ్నానికి మామూలు మనిషే. కొన్నాళ్లు కుడివైపు, కొన్నాళ్లు ఎడమవైపు. 'పొద్దెక్కేదాకా పడుకుంటే నడుం పట్టక ఏమవుతుందిరా' అంటాడు నాన్న. బైకు మాన్పిస్తారు. పరుపు మార్పిస్తారు. డాక్టరు దగ్గరికెళ్తే నెల్రోజులు మంచం దిగొద్దనే సలహా కూడా ఒక్కోసారి దొరుకుతుంది. ఈ నొప్పికి అంతకన్నా కీడు చేసే సలహా లేదు. ఎందుకంటే ఇది పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది.

దీని పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్లనే వాపెక్కించే జబ్బు. సాధారణంగా మొదటి దెబ్బ ఎస్‌ఐ జాయింట్ల మీదే. పట్టించుకోకపోతే కొందరిలో వాపు వెన్నెముక మీదుగా పైకి పాకి, పూసల మధ్య ఎముక పెరిగి, విడివిడిగా ఉండాల్సినవి ఒకే గడకర్రలా అతుక్కుపోతాయి. నడుం వంగిపోతుంది. మెడ తిప్పి పక్కవాణ్ని చూడాలంటే మనిషంతా తిరగాలి. ఇలా అతుక్కున్న వెన్ను గట్టిగా కనిపించినా పెళుసుది. చిన్న దెబ్బకే విరగొచ్చు. నడుం తొక్కించుకోవడం, మెడ టక్కున విరిపించుకోవడం వీళ్లు కలలో కూడా తలపెట్టకూడదు.

కంటికి కనిపించే గుర్తులు లేకపోవడంతో దీన్ని పట్టుకోవడానికి సగటున ఆరేడేళ్లు పడుతోందని ప్రపంచవ్యాప్త అధ్యయనాలు చెబుతున్నాయి. ఇరవై రెండేళ్ల వయసులో ఆరేడేళ్లంటే చదువు, మొదటి ఉద్యోగం, పెళ్లి సంబంధాలు అన్నీ అందులోనే. ఇది మగవాళ్ల జబ్బన్న పాత నమ్మకం వల్ల ఆడపిల్లల విషయంలో ఆలస్యం ఇంకా ఎక్కువ. ఎక్స్‌రేలో మార్పు కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు. 'ఎక్స్‌రే బాగుంది, నీకేం లేదు' అన్న మాట ఇక్కడ చెల్లదు. ఎస్‌ఐ జాయింట్లకని తీసిన ఎమ్మారైలో ఎముక లోపలి వాపు ముందే బయటపడుతుంది. హెచ్‌ఎల్‌ఏ-బి27 అనే రక్తపరీక్ష తోడ్పడుతుంది. అయితే అది పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బున్నట్టు కాదు. ఆ జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు జీవితంలో రాదు. దాన్ని పట్టుకుని పెళ్లి సంబంధాలు చెడగొట్టడం అన్యాయం.

నలభై అయిదేళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటిన నడుం నొప్పి పొద్దున బిగుతుతో వస్తుంటే చూపించాల్సింది రుమటాలజిస్టుకి. హైదరాబాద్ నిమ్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక విభాగముంది. మధ్యలో ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, నొప్పితో వెలుతురు చూడలేకపోవడం, ఒంటి మీద సొరియాసిస్ మచ్చలు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి నొప్పి... ఇవి నడుంతో సంబంధం లేనివనుకుని చెప్పకుండా వచ్చేస్తారు. అవే డాక్టరుకి ఎక్కువ ఆధారం.

ఒకే పక్క నొప్పి, దానితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే మాత్రం వేరే అనుమానం. ఆ కీల్లోకి క్షయ చేరవచ్చు. గొడ్ల పనిచేసేవాళ్లలో, పచ్చిపాలు తాగేవాళ్లలో బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి చేరవచ్చు. రెండూ మందులతో తగ్గేవే, అదేదో తేల్చుకుంటే.

యాంకైలోజింగ్ స్పాండిలైటిస్‌కు మొదటి మందు మామూలు వాపు తగ్గించే మాత్రలే. చాలామందికి రెండ్రోజుల్లోనే తేడా తెలుస్తుంది. వీటికి లొంగనివాళ్లకు బయోలాజిక్స్ అనే ఇంజెక్షన్లు ఉన్నాయి. విదేశీ కంపెనీలవి మాత్రమే ఉన్న రోజుల్లో మధ్యతరగతివాళ్లు ధర విని వెనక్కి వచ్చేసేవారు. 2014 డిసెంబరులో జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌కు దేశీయ రూపాన్ని విడుదల చేశాక ధర కొంత దిగింది. ఇప్పటికీ చౌక అనలేం. ఇవి వేసేముందు ఒంట్లో నిద్రపోతున్న క్షయ ఉందేమో తప్పక పరీక్షిస్తారు. ఉంటే ఈ మందులు దాన్ని నిద్రలేపుతాయి. ఊరూపేరూ లేని కీళ్ల పొడులు మాత్రం వద్దు. అద్భుతంగా పనిచేస్తున్నాయంటే అందులో స్టిరాయిడ్ కలిసి ఉండొచ్చు. సిగరెట్ తాగేవాళ్లలో ఈ జబ్బు మరింత ముదురుతుంది.

ఏ మందు వాడినా వ్యాయామం పక్కన పెట్టడానికి లేదు. ఈత మంచిది. ఊళ్లో చెరువో కాలువో లేనివాళ్లు వెన్ను నిటారుగా సాగదీసే ఆసనాలు, గుండెల నిండా గాలి పీల్చి వదిలే సాధన చేయొచ్చు. తలకింద ఎత్తు దిండ్లు తీసేయాలి. జబ్బు ఎటు పోతోందో తెలుసుకోవడానికి డాక్టర్లు చేసే ఒక చిన్న పరీక్షను ఇంట్లోనూ చూసుకోవచ్చు. మడమలు, వీపు గోడకు ఆన్చి, గడ్డం పైకెత్తకుండా నిటారుగా నిలబడాలి. తల వెనకభాగం గోడకు తగలాలి. తగలకపోతే ఆ మధ్య ఎన్ని సెంటీమీటర్లుందో ఇంట్లోవాళ్లు స్కేలుతో కొలిచి, తేదీ వేసి రాసిపెట్టాలి. వచ్చేసారి డాక్టరు దగ్గరికి ఆ కాగితం కూడా తీసుకెళ్లాలి.